నిఠారీ కేసులో ఆఖరి శిక్షా కొట్టేశారు. మరి ఆ పిల్లల్ని చంపిందెవరు?

వంశధార_గట్టు

నోయిడాలో పిల్లల వరస హత్యల కేసు, అదే నిఠారీ కేసులో మిగిలిన ఆ ఒక్క శిక్షనీ సుప్రీంకోర్టు కొట్టేసింది. 2025 నవంబరు 11న తీర్పు వచ్చింది, ఆ ఎముకలు దొరికిన ఇంట్లో పనివాడు మర్నాడే జైలు బయటికి వచ్చేశాడు. ఇంటి యజమాని 2023లోనే వచ్చేశాడు. 2006 డిసెంబరు ఆఖర్లో నోయిడా సెక్టార్ 31లో ఆ ఇంటి వెనక మురిక్కాలువలోంచి పిల్లల పుర్రెలూ ఎముకలూ తీస్తుంటే దేశమంతా టీవీల ముందు కూర్చుని చూసింది. పదమూడు కేసుల్లో పనివాడికి కింది కోర్టు ఉరి వేసింది. ఇప్పుడు పదమూడూ పోయాయి.

నాకు ఒక్కటే ప్రశ్న. ఆ ఎముకలు అబద్ధం కాదు కదా. ఫలానా వాళ్ల పిల్లలేనని డీఎన్‌ఏ పరీక్షల్లో తేలింది కూడా. మరి చంపిందెవరు? ఇన్నేళ్ల తర్వాత "వీళ్లు కాదు" అని చెప్పి ఊరుకుంటే ఆ తల్లిదండ్రులు ఇంక ఎవరి గుమ్మం ఎక్కాలి? కోర్టు మీద కోపం రాకుండా ఎలా ఉంటుంది?

ఎక్కడో నోయిడా కేసు మన సిక్కోలు వాళ్లకెందుకు అంటారేమో. నేను హిరమండలం దగ్గర బడిలో పాఠాలు చెప్తాను. సంక్రాంతి వెళ్లాక మా క్లాసులో కొందరు పిల్లలు కనబడరు. అమ్మానాన్నలతో హైదరాబాదు, చెన్నై, బెంగళూరు పనులకి వెళ్లిపోతారు. నిఠారీలో పోయిన పిల్లల్లో ఎక్కువమంది అలా పొట్ట చేతపట్టుకుని వచ్చిన కూలీల పిల్లలే. అందుకే అడుగుతున్నాను.

రాజాం_కుర్రోడు

కోర్టులంటే ఇంతే మాష్టారూ. ఎన్‌కౌంటర్ చేసి పారేస్తే ఈ గొడవే ఉండదు. 2019లో దిశ కేసులో ఏం చేశారో అదే చెయ్యాలి.

పైడితల్లి_సిరిమాను

అవును. ఆ రోజు జనం పోలీసుల మీద పూలు జల్లారు. ఇక్కడ నేరస్తులు దర్జాగా బయటికి నడిచొస్తున్నారు.

బొబ్బిలి_వీణ

మా అమ్మాయికి ఎనిమిదేళ్లు. వార్త చదువుతుంటే కడుపులో దేవేసింది. చట్టం సంగతి నాకు తెలీదు గానీ ఇన్ని పుర్రెలు దొరికాక ఒక్కళ్లకి కూడా శిక్ష లేదంటే మనసు ఒప్పుకోవడం లేదు.

కోర్టు_వరండా

విజయనగరంలో క్రిమినల్ కేసులు చూస్తుంటాను. మాష్టారి ప్రశ్న సరైనదే, కోపం వెళ్తున్న దిక్కు మాత్రం సరైంది కాదని నా అభిప్రాయం. కాస్త పెద్దగా రాస్తాను, ఓపిక పట్టండి.

ముందు రాజాం తమ్ముడికి. దిశ కేసు ఎన్‌కౌంటర్ మీద సుప్రీంకోర్టు సిర్పుర్కర్ కమిషన్ వేసింది. 2022లో బయటికొచ్చిన ఆ నివేదిక ఏం చెప్పిందంటే, ప్రాణాలు తియ్యాలన్న ఉద్దేశంతోనే కాల్చారు, పది మంది పోలీసుల మీద హత్య కేసు నడపాలి అని. చనిపోయిన నలుగురూ ఆ నేరం చేశారో లేదో ఏ కోర్టూ తేల్చలేదు, ఇంక తేల్చే వీలూ లేదు.

ఇప్పుడు నిఠారీ. పనివాడి మీద ఉన్నవి ముఖ్యంగా రెండు. ఒకటి, నేరం ఒప్పుకుంటూ మేజిస్ట్రేటు దగ్గర ఇచ్చిన వాంగ్మూలం. రెండు, అతను చూపిస్తే ఎముకలు దొరికాయన్న రికవరీ. వాంగ్మూలం తీసుకున్నది అతను సుమారు 60 రోజులు పోలీసు కస్టడీలో ఉన్న తర్వాత. మధ్యలో సరైన వైద్య పరీక్ష లేదు, చెప్పుకోదగ్గ న్యాయ సహాయం లేదు. నన్ను కొట్టారు, ఇలా చెప్పమని నేర్పారు అని ఆ వాంగ్మూలంలోనే ఉంది. దాన్ని ఇష్టపూర్వకంగా చెప్పిన మాట అని ఏ జడ్జీ అయినా ఎలా రాస్తాడు?

రికవరీ ఇంకా అన్యాయం. నిందితుడు చెప్పడం వల్లే కొత్త సంగతి బయటపడితేనే పాత సాక్ష్యాల చట్టం సెక్షన్ 27 పనికొస్తుంది. ఇక్కడ అతన్ని తీసుకొచ్చేసరికే ఆ కాలువ దగ్గర జనం పోగై ఉన్నారు, తవ్వకం మొదలైపోయింది, ఎముకలున్న సంగతి పేటంతా తెలుసు. ఇంటి లోపల అంతమందిని చంపి ముక్కలు చేసినట్టు చూపించే రక్తపు ఆనవాళ్లు ఫోరెన్సిక్ వాళ్లకి దొరకలేదు. డీఎన్‌ఏ ఎముకల్ని తల్లిదండ్రులతో కలిపింది, అంతే. నిందితుడితో కలపలేదు.

2023 అక్టోబరు 16న అలహాబాద్ హైకోర్టు 12 కేసుల్లో ఈ వాంగ్మూలం, ఈ రికవరీ చెల్లవంది. సీబీఐ, ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం, బాధిత కుటుంబాలు సుప్రీంకోర్టుకి వెళ్తే 2025 జులై 30న ఆ అప్పీళ్లు కొట్టేశారు. పదమూడో కేసులో ఉన్నదీ అదే వాంగ్మూలం, అదే రికవరీ. 12 చోట్ల చెల్లనిది 13వ చోట ఎలా చెల్లుతుంది? అందుకే క్యూరేటివ్ పిటిషన్‌లో, అంటే అన్ని దారులూ అయిపోయాక సుప్రీంకోర్టులో వేసే ఆఖరి అర్జీలో, అదీ పోయింది.

రాజాం_కుర్రోడు

అంటే టెక్నికల్ పాయింట్ల మీద వదిలేశారన్న మాట. అదే కదా నేను చెప్పేది.

కోర్టు_వరండా

కొట్టి ఒప్పించారా లేదా అన్నది టెక్నికల్ పాయింటు కాదు తమ్ముడూ. ఇంకో సంగతి. 2014 సెప్టెంబరులో ఇతన్ని మీరట్ జైల్లో ఉరి తియ్యడానికి అంతా సిద్ధం చేశారు. అర్ధరాత్రి వేళ సుప్రీంకోర్టు స్టే ఇస్తే ఆగింది. క్షమాభిక్ష అర్జీ తేల్చడంలో ఆలస్యమైందని 2015 జనవరిలో హైకోర్టు దాన్ని యావజ్జీవంగా మార్చింది. ఆ రాత్రి స్టే రాకపోయి ఉంటే నవంబరు తీర్పు ఎవరికోసం ఇచ్చేవాళ్లు?

సాలూరు_లారీ

ఈ మాట చదివాక ఒళ్లు జలదరించింది.

గోస్తనీ_తీరం

వకీలు గారూ, అంతా కోర్టు వైపే మాట్లాడుతున్నారు. జనం గట్టిగా అరిస్తే తీర్పులు మారిన సందర్భాలు లేవా? 1999లో ఢిల్లీ జెస్సికా లాల్ హత్య. 2006 ఫిబ్రవరిలో కింది కోర్టు తొమ్మిది మందినీ వదిలేసింది. జనం కొవ్వొత్తులు పట్టుకుని రోడ్డెక్కారు. అదే ఏడాది డిసెంబరులో హైకోర్టు ప్రధాన నిందితుడికి యావజ్జీవం వేసింది, 2010లో సుప్రీంకోర్టు ఖాయం చేసింది. జనాగ్రహం లేకపోతే అది జరిగేదా? ఇక్కడా అలాగే కదలాలి.

నాగావళి_నీరు

లా మూడో సంవత్సరం చదువుతున్నాను, శ్రీకాకుళం. గోస్తనీ గారి పోలిక నాకు కుదరడం లేదు. ఆ కేసులో చూసినవాళ్లున్నారు. కొందరు సాక్షులు ఎదురు తిరిగినా ఫైలులో సరుకుంది, హైకోర్టు మళ్లీ తూచి చూడగలిగింది. నిఠారీ ఫైలులో తూచడానికి ఏముంది? జనం ఎంత అరిచినా 2006లో చెరిగిపోయిన ఆనవాళ్లు తిరిగిరావు.

బెస్ట్ బేకరీ కేసు కూడా ఉంది. 2003లో 21 మందినీ వదిలేస్తే 2004లో సుప్రీంకోర్టు గుజరాత్ బయట మళ్లీ విచారణ జరపమంది, 2006లో ముంబైలో తొమ్మిది మందికి శిక్ష పడింది. అక్కడా సాక్షులు బతికున్నారు, భయపడి మాట మార్చారు. కాబట్టి అరవడం ఉపయోగమే, కాకపోతే దేని కోసం అన్నది చూసుకోవాలి.

గోస్తనీ_తీరం

సరే, దేని కోసం అరవాలో నువ్వే చెప్పమ్మా.

నాగావళి_నీరు

మన రాష్ట్రంలో జరిగిందే చెప్తాను. 2007 డిసెంబరులో విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం హాస్టల్లో బీ ఫార్మసీ చదివే అమ్మాయిని చంపేశారు. అందరికీ గుర్తుండే ఉంటుంది. 2008లో ఒక కుర్రాడిని పట్టుకున్నారు. 2010లో విజయవాడ కోర్టు శిక్ష వేసింది. ఆ అమ్మాయి తల్లిదండ్రులే మొదటి నుంచీ "ఇతను కాదు, అసలు వాళ్లు వేరే" అని మొత్తుకున్నారు. ఎవరూ వినలేదు. 2017 మార్చి 31న హైకోర్టు అతన్ని నిర్దోషి అని వదిలి లక్ష రూపాయల పరిహారం ఇమ్మంది. తర్వాత కేసు సీబీఐకి వెళ్లింది. 2019 డిసెంబరులో ఆ బిడ్డ అస్థికల్ని సమాధిలోంచి తీసి మళ్లీ పరీక్ష చెయ్యాల్సి వచ్చింది.

ఒక పేదవాడి జీవితంలో ఎనిమిదేళ్లు పోయాయి. ఆ తల్లికి న్యాయం అందలేదు. ఇందులో తప్పు 2017 నాటి హైకోర్టుదా, 2008 నాటి దర్యాప్తుదా? నా కోపం దర్యాప్తు మీద.

బొబ్బిలి_వీణ

ఆ తల్లి టీవీల్లో మాట్లాడటం చూశాను. తన బిడ్డ కేసులో శిక్ష పడినవాడి కోసం కూడా ఆవిడ నిలబడింది. ఎంత గుండె ఉండాలి.

మడ్డువలస_కాలువ

మాది వంగర వైపు. 2012 జూన్ 12న మా పక్కనే లక్ష్మింపేటలో రిజర్వాయరు కోసం తీసుకున్న భూమి సాగు దగ్గర గొడవలో అయిదుగురు దళితుల్ని చంపేశారు. ఆ ఉదయం మా వీధిలో వినపడిన ఏడుపులు నేను మర్చిపోలేదు. కాబట్టి హత్య కేసు అంటే నాకు పేపర్లో వార్త కాదు.

వకీలు గారి మాటలన్నీ ఒప్పుకుంటాను. కానీ చుండూరు చూడండి. 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని నరికి తుంగభద్ర కాలువలో పడేశారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014 ఏప్రిల్లో హైకోర్టు అందరినీ వదిలేసింది. అక్కడ సాక్షులు లేరా? ఊరు ఊరే సాక్షి. సాక్షులు ఆలస్యంగా చెప్పారు, పొంతన లేదు అన్నారు. ప్రాణభయంతో ఊరు వదిలి తెనాలి శిబిరాల్లో తలదాచుకున్న మనిషి గడియారం చూసి వరస తప్పకుండా చెప్పగలడా? ప్రతిసారీ తప్పు దర్యాప్తుదే, కోర్టుది కాదు అంటే నేను ఒప్పుకోను. పేదవాడి సాక్ష్యాన్ని తూచే రాళ్లు వేరేగా ఉన్నాయి.

కోర్టు_వరండా

చుండూరు విషయంలో మీతో వాదించను. ఆ తీర్పు మీద అప్పట్లో న్యాయవాదుల్లో కూడా చాలామంది బాధపడ్డారు. మీరన్నది నిజం, ప్రతి నిర్దోషి తీర్పూ ఒకే రకం కాదు. సాక్ష్యం ఉండి దాన్ని నమ్మకపోవడం వేరు, నమ్మడానికి సాక్ష్యమే లేకపోవడం వేరు. మొదటి దాంట్లో తీర్పు మీద పోరాడాలి. నిఠారీ రెండోది.

మడ్డువలస_కాలువ

ఈ తేడా వరకు ఒప్పుకుంటున్నాను.

ఆముదాలవలస_జంక్షన్

డిపార్ట్‌మెంట్‌లో చేసి రిటైరయ్యాను. అందరూ కలిసి పోలీసుల్ని ఉతుకుతున్నారు, మా వైపు కూడా కొంచెం వినండి.

ఒక స్టేషన్లో ఒక ఎస్సై, చేతిలో నలుగురైదుగురు పనిచేసేవాళ్లు. పొద్దున్న మంత్రిగారి పర్యటన బందోబస్తు, మధ్యాహ్నం అరసవల్లిలో రథసప్తమి డ్యూటీ, సాయంత్రం యాక్సిడెంటు కేసు, రాత్రి గస్తీ. మధ్యలో హత్య జరిగితే దర్యాప్తు చెయ్యాలి. మేం వెళ్లేలోపే ఊళ్లో సగం మంది శవం చుట్టూ తిరిగి ఉంటారు, ఆనవాళ్లు తొక్కేసి ఉంటారు. పెద్ద కేసు అయితే మర్నాడు పొద్దున్నకల్లా "ఎవడు దొరికాడు" అని పైనుంచి ఫోన్లు. టీవీ వాళ్లు స్టేషన్ గేటు దగ్గరే కాపురం. ఎవడో ఒకడిని చూపించకపోతే ట్రాన్స్‌ఫర్. ఆ టెన్షన్లో జరిగేవే ఇవన్నీ. జనాగ్రహం అంటున్నారే, తప్పుడు అరెస్టులకి అది కూడా ఒక కారణం.

పైడితల్లి_సిరిమాను

సార్, అలాగని కొట్టి ఒప్పిస్తారా?

ఆముదాలవలస_జంక్షన్

ఒప్పించకూడదు. నేను సమర్థించడం లేదు, ఎలా జరుగుతుందో చెప్తున్నాను. ఇంకోటి కూడా చెప్తాను. రికవరీకి మధ్యవర్తుల నివేదిక రాస్తాం కదా, అది ఘటనా స్థలంలో, మధ్యవర్తుల కళ్ల ముందు, అప్పటికప్పుడు రాయాలి. చాలాచోట్ల స్టేషన్లో కూర్చుని రాసి, వీఆర్వోని పిలిచి సంతకం పెట్టిస్తారు. ఆయన కోర్టు బోనెక్కి "నేను స్థలానికి వెళ్లలేదు, రమ్మంటే వచ్చి సంతకం పెట్టాను" అంటాడు. కేసు అక్కడే సగం పోతుంది. పేపర్లో మాత్రం "సాక్షి ఎదురు తిరిగాడు" అని వస్తుంది.

కోర్టు_వరండా

సార్ అన్నది అక్షరాలా నిజం. ఇలాంటి నివేదికలు నేను కోర్టులో చూస్తూనే ఉంటాను. స్థలం ఊరి బయట, టైము రాత్రి తొమ్మిది, కాగితం మాత్రం నలగకుండా నీటుగా టైపు చేసి ఉంటుంది.

సాలూరు_లారీ

నిఠారీలో కూడా సీబీఐ అంత పెద్ద సంస్థ కదా, 2007 జనవరిలోనే తీసుకుంది. వాళ్లకి బందోబస్తు డ్యూటీలు లేవు కదా. మరి వాళ్లేం చేశారు?

నాగావళి_నీరు

అన్నా, అసలు ప్రశ్న నువ్వు అడిగావు. అవయవాల వ్యాపారం కోణం చూడమని కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ వేసిన కమిటీ సూచించింది. దాన్ని సరిగ్గా తరచి చూడలేదని 2023 తీర్పులో హైకోర్టు గట్టిగా తప్పుపట్టింది. ఇంట్లో పనిచేసే పేదవాడిని రాక్షసుడిగా చూపించి మొత్తం నేరం అతని మీదకి తోసెయ్యడం దర్యాప్తుకి తేలిక దారి అయిందన్న అర్థం వచ్చేలా రాసింది. ఇంత ఘోరమైన దర్యాప్తు జనం పెట్టుకున్న నమ్మకానికి ద్రోహమేనని కూడా అంది.

సాలూరు_లారీ

పెద్ద కోర్టు అంత మాట అన్నాక మరి ఆ దర్యాప్తు చేసినవాళ్ల మీద ఏ చర్యా లేదా?

బొబ్బిలి_వీణ

సాలూరు అన్నా, ఇన్ని ప్రశ్నలు అడుగుతున్నావు, బండి నడుపుతూ కాదు కదా?

సాలూరు_లారీ

లేదు చెల్లెమ్మా, రాయపూర్ లోడు దించి దాబాలో మంచం మీద ఉన్నాను. క్లీనర్‌కి కూడా చదివి వినిపిస్తున్నాను, వాడు రొట్టెలు మానేసి వింటున్నాడు.

కోర్టు_వరండా

చర్య గురించి. 2014 జనవరిలో సుప్రీంకోర్టు గుజరాత్ కేసు ఒకటి విచారించింది, కిషన్‌భాయి కేసు అంటారు. ఆరేళ్ల పాప హత్య. దర్యాప్తులో లోపాల వల్ల నిందితుడిని వదలక తప్పలేదు. అప్పుడు అన్ని రాష్ట్రాలకీ చెప్పింది: నిర్దోషి అని వచ్చే ప్రతి తీర్పునీ పోలీసు, ప్రాసిక్యూషన్ అధికారులు కలిసి పరిశీలించాలి, దర్యాప్తు అధికారి తప్పు తేలితే శాఖాపరమైన చర్య తీసుకోవాలి అని. ఏర్పాటు చెయ్యడానికి ఆరు నెలల గడువిచ్చింది. గోస్తనీ గారు దేని కోసం అరవాలి అని అడిగారు కదా, నేనైతే దీని కోసం అరుస్తాను. మన రెండు జిల్లాల్లో హత్య కేసులు కొట్టేసినప్పుడల్లా ఆ పరిశీలన జరిగిందా, ఏం తేలింది, ఎవరి మీద చర్య తీసుకున్నారు అని సమాచార హక్కు కింద అడగొచ్చు.

గోస్తనీ_తీరం

ఇది బాగుంది. నేను వేస్తాను అర్జీ. నమూనా పంపండి.

పలాస_జీడితోట

రెండు రోజులుగా చదువుతున్నాను. రాయాలా వద్దా అనుకుంటూ ఉన్నాను.

మాకు నాలుగు చెట్ల జీడితోట తప్ప ఏం లేదు. తిత్లీ తుఫానుకి 2018లో అదీ పడిపోయింది. అప్పుడే మా పిన్ని కూతురూ ఆమె మొగుడూ బిల్డింగ్ పనికి వేరే రాష్ట్రం వెళ్లారు. ఆరేళ్ల బాబు. షెడ్డు దగ్గర ఆడుకుంటూ ఒక సాయంత్రం కనబడలేదు. వీళ్లకి భాష రాదు. స్టేషన్‌కి వెళ్తే, మీ ఆధార్ ఏ ఊరిది, అక్కడికెళ్లి కంప్లయింట్ ఇచ్చుకోండి అన్నారు. మేస్త్రీని తీసుకుని మళ్లీ వెళ్తే, వస్తాడులే, కూలీ పిల్లలు ఇలాగే తిరుగుతుంటారు అన్నారు. కాగితం మీద ఒక్క ముక్క రాసుకోలేదు. మా చెల్లి రాత్రి ఫోన్ చేసి ఏడుస్తుంటే నేను ఇక్కడ పలాస స్టేషన్ ప్లాట్‌ఫారం మీద నిలబడి ఏ రైలెక్కాలో తెలియక వణికిపోయాను.

బాబు దొరికాడు. వేరే పేటలో ఏడుస్తూ తిరుగుతుంటే ఒకావిడ పిల్లల సహాయం నంబరు 1098కి ఫోన్ చేసింది, వాళ్లు చేరదీశారు. మా అదృష్టం అది. నిఠారీ తల్లులు కూడా పుర్రెలు బయటపడక ముందు రెండేళ్లు స్టేషన్ చుట్టూ తిరిగారని చదివాను. వాళ్లనీ ఇలాగే పొమ్మన్నారు. మొదటి పిల్ల పోయిన రోజునే ఎవరో ఒకరు రాసుకుని, వెతికి ఉంటే మిగతా పిల్లలు బతికేవాళ్లు కదా. మీరందరూ వాంగ్మూలం, రికవరీ అంటున్నారు. నాకు ఆ మొదటి రోజు గుమ్మం దగ్గర "పో" అన్నవాడి మీదే కోపం.

బొబ్బిలి_వీణ

అక్కా, బాబు ఎలా ఉన్నాడు ఇప్పుడు?

పలాస_జీడితోట

బాగున్నాడమ్మా. ఊళ్లోనే మా అమ్మ దగ్గర ఉంచి చదివిస్తున్నాం. ఇంక వాళ్లతో పంపలేదు.

ఆముదాలవలస_జంక్షన్

ఇది చదివాక నేను బందోబస్తు గురించి ఇంకేం చెప్పను తల్లీ. దీనికి ఏ డ్యూటీ ఒత్తిడీ సాకు కాదు. కేసు కట్టడానికి అరగంట చాలు.

రాజాం_కుర్రోడు

పలాస అక్కా, ఇది నాకు తెలియని కోణం. నిఠారీలో పోలీసుల మీద ఏ చర్యా తీసుకోలేదా?

నాగావళి_నీరు

2007 మొదట్లో నిర్లక్ష్యానికి కొందరిని సస్పెండ్ చేశారు, కొందరిని ఉద్యోగంలోంచి తీసేశారు. అంతకు మించి పిల్లల ప్రాణాలకి ఎవరూ జవాబు చెప్పలేదు.

అక్కా, నీకు జరిగింది ఇప్పుడు జరిగితే అది చట్టాన్ని ఉల్లంఘించడమే. అప్పుడూ ఉల్లంఘనే. 2013 మే 10న బచ్‌పన్ బచావో ఆందోళన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, పిల్లలు కనబడలేదని ఫిర్యాదు వస్తే ఎఫ్‌ఐఆర్ కట్టాల్సిందే, కిడ్నాపో అక్రమ రవాణానో అనుకునే వెతకడం మొదలుపెట్టాలి అని. అదే ఏడాది నవంబరులో లలితా కుమారి కేసులో, కేసు పెట్టదగ్గ నేరం అని తెలిస్తే ఎఫ్‌ఐఆర్ తప్పనిసరి అంది.

వంశధార_గట్టు

చర్చ మొదలుపెట్టిన నాకే ఇవి తెలియవు. సంక్రాంతి వెళ్లాక మా ఊరి నుంచి బస్సుల్లో జనం బయల్దేరతారు. వాళ్లకి చెప్పాలంటే ఏం చెప్పాలి? చట్టం సెక్షన్లు కాదు, నిజంగా స్టేషన్ గుమ్మం దగ్గర ఏమనాలి?

కోర్టు_వరండా

మాష్టారూ, ఇలా చెప్పండి. బిడ్డ కనబడకపోతే 24 గంటలు ఆగాలన్న రూలు ఎక్కడా లేదు, అదంతా ఎవరో చెప్పే మాట. వెంటనే 112, 1098 రెండింటికీ ఫోన్ చెయ్యాలి. దగ్గర్లో ఏ స్టేషన్ ఉంటే ఆ స్టేషన్‌కే వెళ్లాలి. అది మా పరిధి కాదు అంటే "జీరో ఎఫ్‌ఐఆర్ కట్టండి" అనాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం, బీఎన్‌ఎస్‌ఎస్, సెక్షన్ 173 ప్రకారం ఏ ప్రాంతంలో జరిగినా రాసుకోవాలి. ఆధార్ ఏ ఊరిదన్నది ప్రశ్నే కాదు. ఎఫ్‌ఐఆర్ కాపీ డబ్బు తీసుకోకుండా ఇవ్వాలి. కట్టకపోతే ఆ జిల్లా ఎస్పీకి పోస్టులో రాతపూర్వకంగా పంపాలి, అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేటు. వకీలుకి డబ్బు లేకపోతే 15100, న్యాయ సేవల సంస్థ నంబరు.

పిల్లాడి ఈ మధ్య ఫోటో ఒకటి ఫోన్లో, ఒకటి కాగితం మీద ఉంచుకోమనండి. ఫోన్ పోతే ఫోటో కూడా పోతుంది.

ఆముదాలవలస_జంక్షన్

దీనికి ఒకటి కలుపుతాను. ఫిర్యాదు రెండు కాపీలు రాసుకెళ్లమనండి. రెండో దాని మీద స్టేషన్ ముద్ర, తేదీ, టైము వేయించుకోవాలి. ఆ ముద్ర పడ్డాక "వస్తాడులే" అని పంపించడానికి ఎవడికైనా చెయ్యి వణుకుతుంది. భాష రాకపోతే తెలుగులోనే రాసి ఇవ్వమనండి, తర్జుమా చేయించుకునే బాధ వాళ్లది.

మడ్డువలస_కాలువ

కేసు కోర్టుకి వచ్చాక కూడా చెప్పండి వకీలు గారూ. కొట్టేస్తే మా చేతుల్లో ఏముంటుంది? మా వాళ్లు ప్రభుత్వమే అప్పీలు చెయ్యాలి అనుకుని కూర్చుంటారు.

కోర్టు_వరండా

అక్కర్లేదు. 2009 సవరణ తర్వాత బాధితులే సొంతంగా అప్పీలు వెయ్యొచ్చు, కొత్త చట్టంలోనూ ఆ హక్కు ఉంది. దానికి ముందుగా కోర్టు అనుమతి కూడా అక్కర్లేదని 2018లో మల్లికార్జున్ కోడగలి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాకపోతే తీర్పు కాపీ చేతికి రాగానే కదలాలి, ఏడాది తర్వాత వస్తే కష్టం. అంతకంటే ముందు, దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోపు బాధితులకి చెప్పాలని కొత్త చట్టంలో ఉంది. ఎవరూ అడగరు. అడగండి. సోదాలు, స్వాధీనాలు వీడియో తియ్యాలని కూడా రాశారు. జంక్షన్ సార్ చెప్పిన స్టేషన్లో రాసే నివేదికలు అప్పుడైనా తగ్గుతాయి.

ఆముదాలవలస_జంక్షన్

ఏడేళ్లు, ఆపైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ వాళ్లు స్థలానికి రావాలని కూడా పెట్టారు, అమలుకి రాష్ట్రాలకి అయిదేళ్ల గడువిచ్చారు. మన వైపు అన్నీ విశాఖ ల్యాబుకే పోవాలి. ఇచ్ఛాపురం దగ్గర హత్య జరిగితే విశాఖ నుంచి వచ్చేసరికి వాన పడితే అంతే సంగతులు. జిల్లాకో బృందం కావాలని అడగాలి మీరంతా. జడ్జీని తిట్టడం కంటే అది గట్టిగా అడగండి.

పైడితల్లి_సిరిమాను

నేను పైన ఎన్‌కౌంటర్‌కి వత్తాసు పలికాను. పలాస అక్క పోస్టు చదివాక ఒక్కటి అడగాలనిపిస్తోంది. ఆ నిఠారీ కేసు మళ్లీ మొదటి నుంచి దర్యాప్తు చెయ్యొచ్చా?

నాగావళి_నీరు

చట్టం అడ్డు చెప్పదు, హత్యకి కాలపరిమితి లేదు. కానీ ఇన్నేళ్ల తర్వాత ఆనవాళ్లు, సాక్షులు ఎక్కడున్నారన్నదే బాధ. అసలు నేరస్తులు ఎవరో తేలకపోవడం మీద సుప్రీంకోర్టు కూడా నవంబరు తీర్పులో విచారం రాసింది. తల్లిదండ్రులు కోరితే ప్రభుత్వం మళ్లీ తెరవాలని నేనంటాను. దొరుకుతుందో లేదో తర్వాత సంగతి.

బొబ్బిలి_వీణ

తెరవాలి. కనీసం అవయవాల కోణం అయినా.

గోస్తనీ_తీరం

సమాచార హక్కు అర్జీ ముసాయిదా రాశాను. రెండు జిల్లాల ఎస్పీ కార్యాలయాలకి, ప్రాసిక్యూషన్ శాఖకి విడివిడిగా. అయిదేళ్లలో కొట్టేసిన హత్య కేసులు, వాటిపై పరిశీలన జరిగిందా, చర్య ఏమిటి. వకీలు గారూ, ఒకసారి చూసి దిద్దండి.

కోర్టు_వరండా

చూశాను. "ఎందుకు చర్య తీసుకోలేదు" అన్న వాక్యం తీసెయ్యండి, కారణాలడిగితే జవాబివ్వరు. "చర్య తీసుకున్న ఉత్తర్వుల నకళ్లు ఇవ్వండి" అని మార్చండి.

వంశధార_గట్టు

ఆ ఫోన్ నంబర్లు, ఫిర్యాదు నమూనా ఒక్క పేజీలో రాసి పెడతాను. పండగకి వచ్చినవాళ్లు తిరిగి వెళ్లేలోపు పంచాలి. పలాసలో ఎవరైనా పంచగలరా?

పలాస_జీడితోట

నేను స్టేషన్ దగ్గర పంచుతాను మాష్టారూ. చెన్నై వైపు వెళ్లేవాళ్లంతా అక్కడే ఎక్కుతారు. హిందీలో కూడా ఫిర్యాదు నమూనా ఒకటి పెట్టండి.

సాలూరు_లారీ

హిందీది నేను రాసిస్తాను. మా యూనియన్ ఆఫీసులో కూడా కొన్ని కాపీలు పెట్టించండి, ప్రతి బండిలో ఒకటి ఉంచుతాం.